నేరేడు రంగు కారు, ఒక్క మూత యాసిడ్

ముప్పై మూడేళ్ళు స్టీరింగు పట్టుకున్నాను. మాచర్ల అవతల అడవి దారిలో జోరువానలో నడిపాను. నరసరావుపేట సందుల్లో పెళ్ళి ఊరేగింపుల మధ్య నుంచి ఎవరి కాలూ తొక్కకుండా నడిపాను. ఒక్క యాక్సిడెంటు లేదు. నా సర్వీసు మొత్తంలో ఒక కారుకి నా చేతుల మీదుగా జరిగిన అతి పెద్ద నష్టం, ఆ కారు ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంటి ముందు నిలబెట్టి ఉండగా జరిగింది. అందుకు నేను వాడిన ఆయుధం ఒక ప్లాస్టిక్ బకెట్టు.

ఈ సంగతి రాయమని మా ఫ్యాక్టరీ కెమిస్టు ఎప్పటినుంచో అడుగుతున్నాడు. కొత్తగా డ్యూటీల్లో చేరే కుర్ర డ్రైవర్లకి పనికొస్తుందని అతని వాదన. రాస్తే తన పేరు పెట్టకూడదని షరతు పెట్టింది కూడా అతనే. కాబట్టి ఇందులో ఎవరి పేరూ ఉండదు, ఫ్యాక్టరీ పేరుతో సహా.

నేను పనిచేసింది నడికుడి దాటాక గురజాల వైపున్న ఒక సిమెంటు ఫ్యాక్టరీలో. సిమెంటు ఫ్యాక్టరీ అంటే దుమ్ము ఉంటుంది. చెట్ల మీద, తాటాకు పందిళ్ళ మీద, ఆరేసిన బట్టల మీద, సైకిలు సీటు మీద ఉంటుంది. కానీ మా ఫ్యాక్టరీలో ‘దుమ్ము’ అనేది అనకూడని మాట. చుట్టుపక్కల మిరప రైతులు ఏటా వచ్చి, కల్లాల్లో ఆరబోసిన కాయల మీద మీ దుమ్ము పడుతున్నదని మొత్తుకునేవాళ్ళు. మా ఫ్యాక్టరీ నుంచి దుమ్ము రాదని మేనేజరు గారు ఏటా జవాబు రాసేవారు.

ఆయన గోదావరి వైపు మనిషి. నిక్కచ్చి మనిషి. కోపం వస్తే అరిచేవారు కాదు, ఉత్తరం రాసేవారు. క్యాంటీన్‌లో సాంబారు పలచబడితే క్యాంటీన్‌కి ఉత్తరం. కాలనీలో కుక్కలు మొరిగితే సెక్యూరిటీకి ఉత్తరం. నేను ఒకసారి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే, జీపులో నా పక్క సీట్లో కూర్చునే, నాకు ఉత్తరం ఇచ్చారు. గురజాల వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

అలాంటి మనిషి, పాతికేళ్ళు కంపెనీ బండ్లలో తిరిగి తిరిగి, చివరికి సొంతానికి ఒక కారు కొనుక్కున్నారు. రంగు ఎంచుకున్నది అమ్మగారు, అంటే ఆయన భార్య. పండిన నేరేడు పండు రంగు. నీడలో నల్లగా ఉంటుంది, ఎండలోకి తెస్తే లోపల నుంచి ఊదా తేలుతుంది. షోరూము నుంచి నేనే నడుపుకొచ్చాను. ఆయన వెనక సీట్లో కూర్చుని, దారి పొడుగునా సీటు మీద ప్లాస్టిక్ కవరు నిమురుతూనే ఉన్నారు. ఆ రోజు ఆయన నవ్వటం మొదటిసారి చూశాను.

ముదురు రంగు కారుని సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో ఉంచటమంటే కష్టమే. చలికాలంలో రాత్రి దుమ్ము వాలుతుంది, తెల్లవారుజామున దాని మీద మంచు పడుతుంది, పొద్దెక్కేసరికి ఆ రెండూ కలిసి గట్టిపడి చుక్కలవుతాయి. సిమెంటు చేసే పనే అది, పాపం దాని తప్పేం లేదు. గుడ్డతో తుడిస్తే పోవు. సబ్బు పెట్టినా పోవు. గోటితో గీకితే గోరు పోతుంది. జనవరి వచ్చేసరికి నేరేడు పండు మీద నువ్వులు చల్లినట్టు తయారైంది కారు.

అప్పటికి నా రిటైర్మెంటు మూడు నెలల్లో ఉంది.

ఒక గురువారం అమ్మగారు నన్ను పిలిచారు. ఆదివారం గుంటూరులో వాళ్ళ అన్నగారి కొత్త ఇంటి గృహప్రవేశం. ఆ అన్నగారికి చాలా పెద్ద కారు ఉందని నాకు తెలుసు, ఎందుకంటే ఆయన వచ్చినప్పుడల్లా మాట్లాడేది దాని గురించే.

"కారు కాస్త మెరిసేలా చేయించండి," అన్నారు అమ్మగారు. "ప్రహరీ గోడ వైపు కడగక్కర్లేదులెండి. ఇరుకు కదా, మీకు ఇబ్బంది. ఇటు పక్కా ముందూ చేస్తే చాలు."

నా నడుం నొప్పి సంగతి ఆమెకి గుర్తుందనుకుని ఎంతో సంతోషించాను.

ఆ చుక్కల్ని ఎలా వదిలించాలో తెలియక ల్యాబుకి వెళ్ళాను. మా కెమిస్టు శావల్యాపురం దగ్గర వాడు, నాకంటే పాతికేళ్ళు చిన్న, నన్ను బాబాయ్ అంటాడు. నేను అతన్ని సైంటిస్టు అంటాను. చెప్పింది విని అతను కుర్చీలో వెనక్కి వాలాడు. చదువుకున్నవాళ్ళకి సమాధానం తెలిసినప్పుడు వచ్చే ఆనందం అతని మొహంలో కనిపించింది.

"ఆ చుక్కలు ఏందనుకుంటన్నావు బాబాయ్? సిమెంటు. సిమెంటుకి మొగుడు యాసిడ్. మా గాజు సీసాలకి పట్టింది దాంతోనే కడుగుతాం. నిమిషంలో పోద్ది."

"సీసాలకి రంగు ఉండదు గదరా."

"బకెట్టు నీళ్ళకి ఒక్క మూత పొయ్. ఒక్కటంటే ఒక్కటే. తుడిచిన వెంటనే మంచినీళ్ళతో కడిగెయ్. ఎండలో పెట్టబాక. ఈ మూడు గుర్తు పెట్టుకో, చాలు."

చిన్న సీసాలో పోసి ఇచ్చాడు. తమ్ముళ్ళూ, ఆ మూడు మాటలూ నేను బాగా గుర్తుపెట్టుకున్నాను. మరుసటి రోజు ఒక్కొక్కటే వరసగా తప్పాను.

శుక్రవారం పొద్దున మేనేజరు గారు వేరే డ్రైవరుతో కంపెనీ జీపులో మీటింగుకి వెళ్ళారు. నేను కారుని గోడ వెంటే కాస్త ముందుకి, ఎండలోకి తెచ్చి పెట్టాను, చుక్కలు బాగా కనిపిస్తాయని. అది మొదటి తప్పు. బకెట్టులో ఒక్క మూత పోసి, గుడ్డ ముంచి, బానెట్టు మీద ఒక మూల రుద్దాను. చుక్కలు మెత్తబడ్డాయి గానీ నిదానంగా. కెమిస్టు నిమిషం అన్నాడు, నాకు మూడు నిమిషాలు పట్టింది. ఇంకో మూత పోశాను. ఈసారి ఒకటిన్నర నిమిషం. మనిషికి ఇలాంటప్పుడు లెక్కలు చాలా సులువుగా వస్తాయి. మూడో మూత పోశాను. తర్వాత మూత చేతిలోంచి జారి పడిపోయింది, వంగి వెతకాలంటే నడుం నొప్పి. సీసానే వంచాను.

అబ్బ, ఎంత బాగా పనిచేసిందో. బుస్సుమని సన్నటి నురగ వచ్చింది. నెల రోజులుగా నన్ను ఏడిపించిన చుక్కలు నా కళ్ళ ముందే కరిగిపోయాయి. బానెట్టు మొత్తం ఆ నీళ్ళతో తడిపాను. పాత సినిమాల్లో విలన్లని వరసగా పడగొట్టే హీరోలాగా ఉంది నాకు. గొట్టం అందుకుని కుళాయి తిప్పాను. గాలి వచ్చింది.

మా కాలనీలో నీళ్ళు తొమ్మిదింటికి ఆపేస్తారు. వాచీ చూసుకుంటే తొమ్మిదీ రెండు.

బకెట్లు పట్టుకుని క్యాంటీన్‌కి పరిగెత్తాను. క్యాంటీన్ ఆయన నా పాత స్నేహితుడు. "నీళ్ళకేం అన్నా, డ్రమ్ము నిండా ఉన్నాయి. ముందు టీ తాగు. ఇయ్యాల పాలు చిక్కగా వచ్చినయ్," అన్నాడు. అర్జెంటు అంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పటం నాకు ఇష్టం లేదు. కాబట్టి తాగాను. సాంబారు మీద మేనేజరు గారు రాసిన ఉత్తరం తీసి చదివి వినిపించాడు. అది కూడా విన్నాను. మొత్తం ఇరవై నిమిషాలు. ఆ టీ నిజంగానే బాగుంది, ఆ సంగతి ఒప్పుకోవాలి.

తిరిగి వచ్చేసరికి బానెట్టు ఆరిపోయి, ముట్టుకుంటే వేడిగా ఉంది. రెండు బకెట్లూ కుమ్మరించాను. తడి మీద నేరేడు రంగు నిగనిగలాడింది. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత తడి ఆరటం మొదలైంది. ఆరిన చోటల్లా తెల్లటి మసక తేలింది. తుడిచాను, పోలేదు. మళ్ళీ తడిపితే మాయమైంది, ఆరితే మళ్ళీ వచ్చింది. మొత్తం ఆరేసరికి బానెట్టు మీద జిల్లా పటం తయారైంది. పై అంచున కృష్ణానది వంపు కూడా ఉంది.

కెమిస్టుని పిలిపించాను. వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. వేలితో తడిమాడు.

"ఎన్ని మూతలు బాబాయ్?"

"ఒకటి."

"ఒకటేనా?"

"మొదట ఒకటి."

అతను కాసేపు ఆకాశం వైపు చూశాడు. మా సిమెంటు బలాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే మనిషి, చివరికి చెప్పిన ఉపాయం ఏంటంటే, "కొబ్బరినూనె రాద్దాం."

రాశాం. మా ఇంట్లో సీసా అయిపోతే వాళ్ళ ఇంటి నుంచి తెచ్చి రాశాం. జిల్లా పటం మాయమైంది. కారు కొత్తదాని కంటే బాగా మెరిసింది. సాయంత్రం అమ్మగారు వరండాలోకి వచ్చి చూసి, "బాగుందండీ," అన్నారు. అని, గోడ వైపు ఒకసారి తొంగిచూసి, గబగబా లోపలికి వెళ్ళిపోయారు. ఆ పూట నేను కడుపునిండా తిని పడుకున్నాను.

నూనె రాసిన వస్తువుని సిమెంటు ఫ్యాక్టరీ పక్కన రాత్రంతా ఉంచితే ఏమవుతుందో మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

శనివారం పొద్దున నేను వెళ్ళేసరికి మేనేజరు గారు కారు ముందు నిలబడి ఉన్నారు. బానెట్టు మొత్తం పిండిలో దొర్లించిన బూరెలాగా ఉంది. ఆయన చూపుడు వేలితో ఒక గీత గీసి, వేలు నా ముందు పెట్టారు.

"ఏంటయ్యా ఇది?"

"దుమ్మండి."

"దుమ్మా? ఎక్కడి దుమ్ము?"

మా ఫ్యాక్టరీలో ఆ ప్రశ్నకి జవాబు లేదు. జవాబు తెలిసినవాళ్ళెవరూ చెప్పరు. నా కళ్ళు వాటంతట అవే ప్రహరీ గోడ అవతలికి పోయాయి. అక్కడ ఒక సున్నం బట్టీ ఉంది. దాని పొగ తన మానాన తాను నిటారుగా పైకి పోతున్నది.

"బట్టీదండి. రాత్రి గాలి ఇటు తిరిగింది."

ఆయన రుమాలుతో ఒక చోట తుడిచారు. దుమ్ము, నూనె పోయి, కింద తెల్లటి మచ్చ బయటపడింది.

"మరి ఇదేంటి?"

"సున్నం కదండీ. రంగుని తినేసింది."

యాసిడ్ పోసినందుకు నేను ఇప్పుడు పెద్దగా సిగ్గుపడను. తెలియక చేశాను, ఆత్రంతో చేశాను. కానీ ఆ గాలి మాట ఉంది చూశారూ, అది తెలిసి చెప్పాను. ముప్పై మూడేళ్ళ సర్వీసు మీద మచ్చ పడకూడదని, గోడ అవతలి మనిషి మీద వేశాను.

మేనేజరు గారు తిడతారనుకున్నాను. ఆయన మొహం మాత్రం వెలిగింది. ఏళ్ళ తరబడి ఊళ్ళోవాళ్ళు ఆయన మీద వేస్తున్న నింద, ఇవాళ ఇంకొకరి మీద వేసే అవకాశం వచ్చింది. ఫోను తీసి అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకున్నారు. గోడ వైపు కూడా దూరి తీశారు. అక్కడి నుంచి, "ఇక్కడ కూడా తినేసిందయ్యా, వెనక డోరు కూడా," అని కేక వేశారు. నేను ముట్టుకోని వైపు అది. ఒకవేళ గాలి నిజంగానే తిరిగిందేమో అని నాకే ఒక క్షణం అనుమానం వచ్చింది.

ఆదివారం వాళ్ళిద్దరూ గృహప్రవేశానికి రైల్లో వెళ్ళారు. నడికుడి స్టేషను దాకా నేనే జీపులో దింపాను. అమ్మగారు పట్టుచీర కుచ్చిళ్ళు జీపు మెట్టుకి తగలకుండా పట్టుకుని, ఏమీ అనకుండా దిగారు. ఒక్క మాట అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

సోమవారం ఉత్తరం తయారైంది. రెండు పేజీలు, ఫోటోలతో సహా. ఒకరి ఆవరణలో నుంచి వెలువడే దుమ్ము వలన ఇతరుల ఆస్తికి నష్టం వాటిల్లినచో, దుమ్ము వెలువరించినవారే పూర్తి బాధ్యత వహించవలెను. ఇదీ అందులో ముఖ్యమైన వాక్యం. దాన్ని తీసుకెళ్ళి బట్టీ యజమానికి ఇవ్వవలసింది ఎవరు? డ్రైవరు.

బట్టీ యజమాని ఒకప్పుడు క్వారీలో రాళ్ళు కొట్టి పైకి వచ్చిన మనిషి. మంచం మీద కూర్చుని రెండు పేజీలూ నిదానంగా చదివాడు. ఫోటోలు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నా మొహం కాదు, నా చేతులు.

"ఈ కారు కడిగేది ఎవరు?"

"నేనేనండి."

"ఊఁ," అన్నాడు. ఆ ముఖ్యమైన వాక్యం మళ్ళీ ఒకసారి పైకి చదువుకున్నాడు. "చానా బాగా రాశాడు మీ మేనేజరు. ఈ కాయితం నేను ఉంచుకోవచ్చా?"

"మీకోసమే రాశారండి."

"అయితే మంచిది," అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిడితే బాగుండేది. అతను సంతోషంగా ఉండటం నాకు నచ్చలేదు.

బుధవారం పది గంటలకి ఎందుకు సంతోషపడ్డాడో తెలిసింది. బంగళా ముందుకి అతను ఒక్కడే రాలేదు, వెనక మిరప రైతులు ఆరుగురు వచ్చారు. వాళ్ళ ముందు ఒక ముసలామె. రోడ్డు పక్క కల్లం ఆమెది. తువ్వాలులో మిరపకాయలు మూటగట్టి తెచ్చింది. మేనేజరు గారు వరండా మెట్లు దిగి వచ్చారు. అమ్మగారు గుమ్మంలో నిలబడ్డారు. నేను కారు పక్కన నిలబడ్డాను, ఇంకెక్కడ నిలబడాలో తెలియక.

బట్టీ యజమాని ఉత్తరం తీశాడు. "మేనేజరు గారూ, దుమ్ము ఎవరిదో వాళ్ళే జవాబుదారీ అని రాశారు. సంతకం తమరిదే గదా?"

"నాదే."

"ఆ మాటకి నేను ఒప్పుకుంటన్నా. నా దుమ్ముకి నేను కడతా. మరి వీళ్ళ కాయల మీద పడ్డదానికి?"

ముసలామె ముందుకొచ్చి, మూట విప్పి, మిరపకాయల్ని బానెట్టు మీద పోసింది. ఎర్రగా ఉండాల్సిన కాయలు బూడిదలో పొర్లినట్టున్నాయి.

"నీ కారుకి మచ్చ పడితే రెండు కాయితాలు రాసినావంట గదయ్యా. నాకు రాయటం రాదు. అందుకని కాయలే తెచ్చా."

మేనేజరు గారు తడబడలేదు. ఆయనకి పద్ధతి మీద నమ్మకం. "ఇది సున్నమో సిమెంటో ల్యాబు చెబుతుంది," అని కెమిస్టుని పిలిపించారు. అతను వచ్చి, జనాన్ని, మిరపకాయల్ని, బానెట్టుని, నన్ను వరసగా చూశాడు. అతని మొహం సున్నం కంటే తెల్లబడింది.

"ముందు కారు మీద మచ్చలు చూడు. సున్నం వల్లేనా, కాదా? నువ్వు చెప్పింది రాయిస్తాను, సంతకం పెట్టు," అన్నారు మేనేజరు గారు.

కెమిస్టు బానెట్టు మీదకి వంగాడు. అతనికి ఇద్దరు చిన్నపిల్లలు. కాదంటే యాసిడ్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. అవునంటే ఒక తప్పుడు కాయితం మీద సంతకం పెట్టాలి. "సార్, ఇది..." అని ఆగాడు. వంగిన మనిషి లేవటం లేదు. అతని మెడ వెనక చెమట నాకు కనిపిస్తున్నది. మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు.

"అది సున్నం కాదండి. యాసిడ్. చుక్కలు పోవాలని నేనే పోశాను. గాలి ఎటూ తిరగలేదండి."

మేనేజరు గారు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు.

"ఎంత పోశావు?"

"చెప్పినదానికంటే ఎక్కువండి."

"చెప్పింది ఎవరు?"

కెమిస్టు నిటారుగా లేచాడు. "నేను సార్. సీసా కూడా నేనే ఇచ్చాను. కొబ్బరినూనె కూడా నా సలహానే." ఆ చివరిది ఎవరూ అడగలేదు. కానీ ఒప్పుకోవటం మొదలుపెట్టాక ఆగటం కష్టం.

"వెనక డోరుకి కూడా పోశావా?" అన్నారు మేనేజరు గారు నాతో.

"ఆ పక్కకి నేను పోలేదండి. నిజం."

"ఇప్పుడు కూడా అబద్ధమా?"

"అది నేనండి," అన్నారు గుమ్మంలోంచి అమ్మగారు.

అందరం అటు తిరిగాం. ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటున్నారు. "కాకి రెట్ట వేసింది. ఎంత తుడిచినా పోలేదు. బాత్‌రూంలో వాడే యాసిడ్ సీసా తెచ్చి బ్రష్షుతో రుద్దాను. నెల రోజులైంది."

"నెలా? నాకెందుకు చెప్పలేదు?"

"మీరు ఆ పక్క ఎక్కరు కదా. చెబితే నాకు కూడా ఉత్తరం రాస్తారని."

ముందు నవ్వింది ముసలామె. తర్వాత రైతులు. బట్టీ యజమాని నవ్వలేదు, తువ్వాలుతో మొహం తుడుచుకున్నట్టు నటించాడు. మేనేజరు గారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన బానెట్టు మీది మిరపకాయ ఒకటి తీసుకున్నారు. జేబులోంచి తెల్ల రుమాలు తీసి దాన్ని తుడిచారు. రుమాలు చూసుకున్నారు. బూడిద రంగు. సున్నం అయితే తెల్లగా ఉండాలి. ఆ తేడా తెలియటానికి ల్యాబు అక్కర్లేదు.

ఆయన ఆ రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత ముసలామెని అడిగారు. "ఏం చేస్తే తగ్గుతుందమ్మా?"

"మీ లారీలు పోతా ఉంటే లేసేదే సగం. పొద్దునా మాపున దారెంట నీళ్ళు కొట్టించు. కాయలు ఆరేదాకన్నా కొట్టించు."

"రేపటి నుంచి కొట్టిస్తాను."

అంతే అన్నారు. అన్నేళ్ళలో ఉత్తరం లేకుండా ఆయన ఒప్పుకున్న మొదటి పని అదే. తర్వాత చెయ్యి చాపారు నా వైపు. కారు తాళం ఆ చేతిలో పెట్టాను.

"నీళ్ళ ట్యాంకరు నువ్వే నడుపుతావు," అన్నారు.

కెమిస్టుకి మాత్రం ఉత్తరం వచ్చింది. ల్యాబులోని ద్రవాలు ల్యాబులోనే ఉండవలెను అని. అతను దాన్ని గోడకి అంటించుకున్నాడు.

కారుని నరసరావుపేటలో రంగులు వేసే మేస్త్రీకి చూపించటానికి మాత్రం నన్నే పంపారు, దారి తెలిసినవాణ్ణని. పై పొర పోయింది, మళ్ళీ రంగు వేయాల్సిందే అన్నాడాయన. వెళ్తుంటే ఒక మాట చెప్పాడు, మీకోసం అది రాసి పెట్టుకున్నాను. "మురికి వల్ల పాడైన కారు నా షెడ్డుకి ఒక్కటి కూడా రాలేదన్నా. వచ్చేయన్నీ శుభ్రం చేసినయ్యే." కుర్రాళ్ళూ, నా సర్వీసు మొత్తంలో కార్ల గురించి నేను విన్న అతి తెలివైన మాట అది. ఉత్త నీళ్ళు, మెత్తటి గుడ్డ, ఓపిక. నీళ్ళు ఎన్నింటికి ఆపేస్తారో ముందే కనుక్కోండి.

బట్టీ యజమాని దగ్గరికి నేను ఒక్కణ్ణే వెళ్ళి క్షమాపణ అడిగాను. అతను టీ తెప్పించాడు. "ఉత్తరం ఇచ్చిన రోజే నీ వేళ్ళు చూశా. సున్నంతో పని చేసిన చెయ్యి ఒక రకంగా ఉంటది, యాసిడ్‌లో పెట్టిన చెయ్యి ఇంకో రకంగా ఉంటది."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదండి?"

"అంత బాగా రాసిన ఉత్తరాన్ని ఎట్టా పాడుచేస్తా?"

మేనేజరు గారి కారు నుంచి నీళ్ళ ట్యాంకరుకి. ఇంట్లో చెప్పటానికి రెండు రోజులు పట్టింది. మా ఆవిడ విని, "ఏందీ, ముప్పై ఏళ్ళు చేసి చేసి నీళ్ళ బండా?" అంది. తర్వాత కారణం చెప్పాను. అన్నం వడ్డించటం ఆపి, గరిటె పట్టుకుని అలాగే కూర్చుని నవ్వింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో బాత్‌రూం నేను కడగకూడదు.

మొదటి రోజే ఇంకో తప్పు చేశాను. ట్యాంకరు వెనక గొట్టం ఎంత దూరం చిమ్ముతుందో చూసుకోకుండా, ముసలామె కల్లం పక్కగా వేగంగా వెళ్ళాను. ఆరబోసిన కాయలు సగం తడిశాయి. ఆమె చీపురు పట్టుకుని రోడ్డు మధ్యలోకి వచ్చి నిలబడింది.

"ఏమయ్యా డైవరూ, కారుని అట్టా చేసినావు, ఇప్పుడు నా కాయల్ని కూడా కడగాలా?"

దిగి, ఆ కాయలన్నీ ఆమెతో పాటు తిరగదోసి వచ్చాను. గంట పట్టింది. అరచేతులు మండాయి, తెలియక కళ్ళు తుడుచుకున్నాను, కళ్ళు కూడా మండాయి. అప్పటి నుంచి ఆ కల్లం దగ్గర మొదటి గేరులో, కుళాయి సగం మూసి వెళ్ళేవాణ్ణి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. కొన్నాళ్ళకి, నేను ఎప్పుడు వస్తానో చూసి వాళ్ళు కాయలు తిరగేయటం మొదలుపెట్టారు. కారు నడిపినప్పుడు నా వెనక కూర్చున్నవాళ్ళు ఫోనులో మాట్లాడుకునేవారు. ట్యాంకరు నడిపితే రోడ్డు మీద వాళ్ళు నాతో మాట్లాడేవారు. ఆలస్యమైతే తిట్టేవారు, గేదెని కడగమని అడిగేవారు, దోసకాయ ఇచ్చేవారు. మేనేజరు గారు ఒకటి రెండుసార్లు అదే దారిలో ఎదురయ్యారు, తానే కారు నడుపుకుంటూ. దుమ్ము లేవకుండా పక్కకి తీసి ఆపి, నేను దాటిపోయాక వెళ్ళేవారు.

ఏప్రిల్ ఆఖరు రోజు నాది చివరి డ్యూటీ. ఆఫీసులో శాలువా కప్పారు. మేనేజరు గారు మాట్లాడుతూ నా సర్వీసులో ఒక్క యాక్సిడెంటు కూడా లేదని చెప్పి, కెమిస్టు దగ్గినందుకు ఒక క్షణం ఆగి, తర్వాత కొనసాగించారు. సాయంత్రం ట్యాంకరు తీశాను. ఆ రోజు తీయక్కర్లేదన్నారు గానీ, తీశాను.

కల్లంలో కాయలు చాలావరకు టిక్కీల్లోకి, అంటే గోనె బస్తాల్లోకి ఎత్తేశారు. ముసలామె చివర మిగిలినవి ఏరుతున్నది. బండి ఆపి, ఇదే ఆఖరి రోజని చెప్పాను.

"రేపటి నుంచి ఎవరొస్తారు?" అంది.

"ఎవరో ఒకరు వస్తారమ్మా."

"ఎవరో ఒకరు కాదు. నా కల్లం కాడ మెల్లగా పోవాలని అతనికి చెప్పి పో. నువ్వు నేర్చుకోటానికి నాకు గంపెడు కాయలు పోయినయ్."

మర్నాడు పొద్దున్నే, ఇక నాకు పని లేని ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్ళి, కొత్త డ్రైవరు వచ్చేదాకా నిలబడి, అతని పక్కన కూర్చుని ఆ దారి మొత్తం చూపించి వచ్చాను.